మౌనంలో మిగతా సగం

మాది మార్కాపురం. పలకల ఊరు. ఒకప్పుడు తెలుగునాట అఆలు దిద్దిన పిల్లల్లో చాలామంది ఒళ్లో పెట్టుకున్నది మా నేలలోంచి తవ్వితీసిన రాయినే. మా అబ్బా పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించేవాడు. పలకలో ఒక మంచితనం ఉంది. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. బడిలో పలకతోపాటు ఇంకొకటి కూడా ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టరు. దాన్ని తుడవలేం. పలకల ఊళ్లో పుట్టి కూడా ఈ తేడా నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

1980ల మధ్యలో అబ్బా నన్ను బడిలో వేయడానికి తీసుకెళ్లాడు. అయ్యవారు పేరడిగారు. అబ్బా చెప్పాడు. తక్కిన గడులన్నీ అయ్యవారే నింపుకున్నారు. ఇంటిపేరు దగ్గర 'షేక్' అని రాశారు. మాతృభాష దగ్గర 'ఉర్దూ' అని రాశారు. మొదటిది తప్పు, మేం పఠాన్లం. రెండోది ఒప్పు. కానీ రెండూ అడక్కుండా రాసినవే. ఆయనది దుర్బుద్ధి అని నేనెన్నడూ అనుకోలేదు. నాకు లెక్కలు నేర్పిన మనిషి. రంజాన్ నెలలో రోజా ఉన్న పిల్లల్ని సాయంత్రం ముందే ఇంటికి పంపేసిన మనిషి. ఆయన లెక్కలో సాయిబుల పిల్లాడంటే షేకు, షేకంటే ఉర్దూ. కాదన్నవాడికి మాత్రమే వేరే రాయాలి. అబ్బా కాదనలేదు. కుర్చీలో కూర్చున్నది సర్కారు. ఎదురుగా నిలబడింది కూలి మనిషి.

అదే ఏడాది నా పక్కన చేరిన దూదేకుల పిల్లాడికీ అదే రాశారు. షేక్, ఉర్దూ. వాళ్లింట్లో ఉర్దూ ముక్క లేదు. వాడు వాళ్లమ్మని 'అమ్మా' అనే పిలిచేవాడు. దువా కూడా తెలుగులోనే అడుక్కునేవాడు. మా ఇద్దరి గడులూ ఒకే చేత్తో, ఒకే సిరాతో, ఒకే నిమిషంలో నిండాయి. ఆ తర్వాత అవి మా ఇద్దరినీ రెండు దారుల్లో నడిపించాయి. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

మనం ఏమీ అనకపోతే ఏది జరుగుతుందో దాన్ని ఇప్పుడు 'డిఫాల్ట్' అంటున్నారు. కంప్యూటర్లతోపాటు వచ్చిన మాట. మా గిద్దలూరు, కంభం రైతులకి ఈ మాట అంతకుముందే తెలుసు. బ్యాంకు బాకీ కట్టలేనివాడు డిఫాల్టరు. రెండు అర్థాలకీ మరీ అంత దూరం లేదనిపిస్తుంది నాకు. రెండు చోట్లా మనిషి ఏం చేశాడన్నది కాదు, ఏం చేయలేదన్నదాన్ని బట్టే అతని మీద ముద్ర పడుతుంది.

రైతుల సంగతి వచ్చింది కాబట్టి అక్కడి నుంచే ఒక ఉదాహరణ. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మొదలైనప్పుడు బ్యాంకులో పంట అప్పు తీసుకున్న రైతు బీమాలో చేరి తీరాలి. 2020 ఖరీఫ్ నుంచి రైతు ఇష్టం అన్నారు. కానీ ఆ ఇష్టానికి ఒక మెలిక ఉంది. అప్పు తీసుకున్న రైతు చేరనంటే గడువుకి ఏడు రోజుల ముందు ఆ సంగతి రాసివ్వాలి. రాసివ్వకపోతే చేరినట్టే లెక్క, ప్రీమియం కోత పడుతుంది. బీమా మంచిదే కావచ్చు, దాని గురించి కాదు నా మాట. తేదీ తెలిసి, కాగితం రాసి, బ్యాంకుదాకా పోగలిగిన రైతుకి అది ఐచ్ఛికం. పోలేని రైతుకి అది పాత నిర్బంధమే. ఒకే రూలు ఇద్దరికీ రెండు రూళ్లయింది.

ప్రపంచంలో దీని మీద బోలెడు పరిశోధన జరిగింది. 2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు యూరప్‌లో అవయవదానం లెక్కలు తీశారు. చనిపోయాక అవయవాలిస్తామన్న అంగీకారం జర్మనీలో నూటికి 12 మందిది. పక్కనే ఉన్న ఆస్ట్రియాలో 99.98 మందిది. ఇరుగుపొరుగు దేశాలు, ఒకే భాష. ఆస్ట్రియా వాళ్లంతా ధర్మాత్ములూ, జర్మన్లంతా లోభులూ కాదు. జర్మనీలో ఇస్తానని చెప్పాలి. ఆస్ట్రియాలో ఇవ్వనని చెప్పాలి. రెండు దేశాల్లోనూ జనం ఎక్కువమంది ఏమీ చెప్పలేదు. మన దేశంలో 1994 చట్టం జర్మనీ దారిలోనే నడుస్తోంది, అంగీకారం చెప్పాల్సిందే. 2008లో రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ ఈ విద్యకి 'నడ్జ్' అని పేరుపెట్టి పుస్తకమే రాశారు. అంటే మోచేత్తో మెల్లగా నెట్టడం. మనుషులు నిజంగా ఎలా నిర్ణయాలు తీసుకుంటారో ఆర్థికశాస్త్రానికి నేర్పినందుకు 2017లో థేలర్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ సంగతి మనవాళ్లకి నోబెల్ లేకుండానే తెలుసు. అమ్మీ ఉర్దూలో అనేది, 'ఖామోషీ నీమ్ రజా'. బడిలో తెలుగు పంతులు అనేవాడు, 'మౌనం అర్ధాంగీకారం'. నాకున్న రెండు భాషలూ అన్ని విషయాల్లో కలవవు. ఇక్కడ మాత్రం మాటకి మాట కలిసిపోయాయి. నీమ్ అంటే సగం. అర్ధ అంటే సగం. రెండు భాషల పెద్దలూ జాగ్రత్తగానే మాట్లాడారు. మౌనాన్ని అంగీకారం అనలేదు, సగం అంగీకారమే అన్నారు. మరి మిగతా సగం ఎవరిది? కాగితం తయారుచేసినవాడిదా? నోరు మూసుకున్నవాడిదా? ఈ వ్యాసంలో నేనడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

ఇప్పుడు ఆ రెండు గడుల కథ. 1970 నాటి వెనుకబడిన తరగతుల జాబితాలోనే దూదేకులవాళ్లు బీసీ-బిలో ఉన్నారు. షేక్‌లు అప్పుడు ఏ జాబితాలోనూ లేరు. నా మిత్రుడు 1990ల చివర్లో సీటు కోసం సర్టిఫికెట్ అడగబోతే రికార్డులో 'షేక్' అని ఉంది. 'నువ్వు దూదేకులవాడివని రుజువేది?' అన్నారు. వాళ్ల నాన్న పరుపులు కుట్టే మనిషి. దూదికి ఉతికే విల్లు ఇంట్లోనే వేలాడుతూ ఉండేది. అయినా అడిగింది విల్లు కాదు, కాగితం. ఊరి పెద్దల దగ్గర సంతకాలు, ఆఫీసు చుట్టూ తిరుగుళ్లు, తిరిగిన రోజుల్లో పోయిన కూలి. చివరికి సర్టిఫికెట్ వచ్చింది. అప్పటికి గడువు దాటిపోయింది. ఆ ఏడాది వాడు గిద్దలూరులో ఒక షాపులో కూర్చున్నాడు. మళ్లీ చదువు ముఖం చూడలేదు. పదేళ్ల కింద ఒక మనిషి ఒక్క ప్రశ్న అడక్కుండా మిగుల్చుకున్న అర నిమిషానికి వాడు ఒక జీవితం చెల్లించాడు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలోని వెనుకబడిన సమూహాలకి నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. బీసీ-ఇ. 2010లో హైకోర్టు కొట్టేసింది, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఆ జాబితాలో అత్తర్ సాయిబులు, ఫకీర్లు, హజాంలు, ఖురేషీలతోపాటు షేక్‌లూ ఉన్నారు. సయ్యద్‌లు, మొఘల్‌లు, పఠాన్లు లేరు. అంటే ఇప్పుడు మా ఇంట్లో ఉన్న తప్పుకి రేటు పెరిగింది. తమ్ముడికి బీఈడీ సీటు కావాలి. వాడి రికార్డులోనూ 'షేక్' అనే ఉంది. తెలిసినవాళ్లు అన్నారు, 'మీరేం అబద్ధం రాయనక్కర్లేదు సాయిబూ, ఊరికే ఉండండి చాలు.'

ఊరికే ఉండండి చాలు! డిఫాల్ట్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఏ ఆర్థికశాస్త్రవేత్తా చెప్పలేడు. రెండు రోజులు ఇంట్లో ఎవరం సరిగా మాట్లాడుకోలేదు. మేమేమన్నా జాగీర్దార్లమా? పఠాన్ అన్న ముక్క మా పొయ్యి మీద ఎన్నడన్నా కూర వండిందా? అదీ నిజమే. మూడో రోజు అబ్బా అన్నాడు, 'ఆ రోజు బడిలో భయపడి నోరు మూసుకున్నా. ఈ రోజు లాభం కోసం మూసుకుంటే ఆ రోజుదానికీ అర్థం మారిపోతుందిరా.' తమ్ముడు ఓపెన్‌లోనే దరఖాస్తు పెట్టాడు. సీటు రాలేదు. ఇది మా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఒకే తప్పు మిత్రుడికి అన్యాయం చేసింది, మాకు అవకాశం చూపించింది. అన్యాయం జరిగినప్పుడు గగ్గోలు పెట్టే మనం, అవకాశం వచ్చినప్పుడు రికార్డుని గౌరవిస్తాం. మిగతా సగంలో మనకి వాటా ఉందని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

రెండో గడి మాతృభాష. ముస్లిం అంటే ఉర్దూ అని రాసుకునే అలవాటు అధికారులకే కాదు, మన లౌకికవాద మిత్రులకీ ఉంది, మన పెద్దలకీ ఉంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ముస్లింలు 17.2 కోట్లు. ఉర్దూ మాతృభాష అని చెప్పినవాళ్లు 5.07 కోట్లు. 2001లో ఆ సంఖ్య 5.15 కోట్లు. ముస్లింలు పెరిగారు, ఉర్దూవాళ్లు తగ్గారు. బెంగాల్ ముస్లింది బెంగాలీ, కేరళ ముస్లింది మలయాళం, మా దూదేకులవాడిది తెలుగు. వాడి గడిలో ఉర్దూ అని రాసినవాడు వాడి తెలుగుని లాక్కున్నాడు. నా గడిలో తెలుగు అని రాస్తే అమ్మీని లాక్కున్నట్టు. రెండూ ఒక్కటే నేరం.

అసలు మా వైపు పేరు చూసి మతం చెప్పడమే కష్టం. 1970లో కొత్త జిల్లాలో కలిపేదాకా మేం కర్నూలు జిల్లావాళ్లం. పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కేవాళ్లలో ఎవరు ఎవరో పోల్చుకోలేం. మస్తానమ్మ, దస్తగిరి, ఫకీరయ్య, హుస్సేనమ్మ. ఈ పేర్లు హిందువుల ఇళ్లలోనూ ఉన్నాయి. ఏ దర్గాకో మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు వాళ్లు. ఇలాంటి నేల మీద ముందే నింపిన గడి పెట్టడమంటే, జనం శతాబ్దాలపాటు కలిపి కుట్టుకున్న బొంతని కత్తిరించి ముక్కలకి చీటీలు అంటించడమే.

'ముఖ్యస్రవంతి' అనే మాట ఎందుకు గుచ్చుకుంటుందో కూడా ఇప్పుడు చెప్పగలను. ఈ దేశంలో మనిషి అనగానే ముందే నింపి ఉన్న బొమ్మ ఒకటుంది. ఆ బొమ్మకి విశేషణం అక్కర్లేదు. అతను కవి అయితే కవి. నేను ముస్లిం కవిని. అతను విలేకరి. నేను మైనారిటీ విలేకరిని. ఒక తెలుగు పత్రికలో చేరినప్పుడు వక్ఫ్ బోర్డు, హజ్ యాత్ర, ఇఫ్తార్ విందుల వార్తలు నా టేబుల్ మీదకి వచ్చేవి. నాకు ఇష్టమైనవి చెరువులూ, పంటలూ. కంభం చెరువు గురించి రాస్తానంటే ఎవరూ వద్దనలేదు. అయితే ప్రతిసారీ అడగాల్సింది మాత్రం నేనే. ఇఫ్తార్ విందు నన్ను అడగకుండానే వచ్చేది. తర్వాత ఉర్దూ పత్రికలో పనిచేశాను. అక్కడ 'కౌమ్' అంటే మేమే, విశేషణం ఎదుటివాళ్లకి. హాయిగా ఉండింది. ఆ హాయి ఎలాంటిదో గుర్తించాక కొంచెం సిగ్గేసింది కూడా.

అయితే అన్ని గడులూ ఖాళీగా వదిలేద్దామా? కుదరదు. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు ఏదో ఒకటి జరగక తప్పదు. పిల్లవాణ్ణి ఏదో ఒక మీడియంలో కూర్చోబెట్టాలి. చనిపోయినవాడి అవయవాలు తీయాలో తీయకూడదో ఏదో ఒకటి నియమం ఉండాలి. రోజంతా రాళ్లు మోసి వచ్చిన మనిషిని నలభై ప్రశ్నలతో నిలబెట్టడం కూడా హింసే. కొన్నిటిని ముందే నింపి పెట్టడం దయ. షరియత్‌లోనే చూడండి. నికాలో మెహర్ ఎంతో మాట్లాడుకోకపోతే ఆడపిల్లకి హక్కు పోదు, ఆమె పుట్టింటి ఆడవాళ్లకి వచ్చే పాటి మెహర్ ఆమెకీ చెందుతుంది. మెహరె మిస్ల్ అంటారు. అదీ ముందే నింపిన గడే. కాకపోతే నోరులేని మనిషి వైపు నింపిన గడి.

కాబట్టి నింపడం తప్పు కాదు. ఏ గడి ధర్మమైనదో తేల్చుకోవడానికి నేను చూసేవి మూడు. నింపినవాడు ఎందుకలా నింపాడో ఆ మనిషి ముఖం మీదే చెప్పగలడా? కాదనడానికి అయ్యే ఖర్చు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటేనా? అది తప్పని తేలితే నష్టం ఎవరిది? మెహరె మిస్ల్ ఈ మూడింటికీ నిలుస్తుంది. మా మిత్రుడి రిజిస్టరు ఒక్కదానికీ నిలవదు.

అడిగితే చాలా అంటే, అదీ చాలదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తెస్తూ జీవో 81 ఇచ్చింది. తెలుగు, ఉర్దూ సబ్జెక్టులుగా మిగులుతాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రులనే రాతపూర్వకంగా అడిగించింది. నూటికి 96 మందికి పైగా ఇంగ్లీషే అన్నారు. నాకు తెలిసిన కూలీల ఇళ్లలో ఆ కోరిక నిజం. తెలుగు తీపి గురించి పాఠాలు చెప్పే పెద్దమనుషుల పిల్లలు ఏ మీడియమో వాళ్లకి తెలుసు. కానీ ఇంకో సంగతీ నిజం. గడప దగ్గరికి కాగితం తెచ్చిన వాలంటీరే పింఛనూ తెచ్చిచ్చేవాడు. అడిగేవాడి చేతిలో మన అవసరం ఉన్నప్పుడు మన జవాబులో ఎంత మనదో, ఎంత అతనిదో విడదీయలేం. అడగడం అంటే కాదన్నా ఏమీ కాదన్న భరోసా ఇచ్చి అడగడం.

ఇదంతా సర్కారు మీదకే తోసేసి చేతులు దులుపుకుంటే నేను అబద్ధం రాసినట్టే. మన ఇంట్లోకి వద్దాం.

మా ఆపా నికా నాకు గుర్తుంది. పరదా వెనక ఆడవాళ్ల మధ్య తల వంచుకుని కూర్చుంది. వకీలు, ఇద్దరు సాక్షులు వచ్చి పేరు చెప్పి, మెహర్ చెప్పి, కబూలేనా అని అడిగారు. ఆపా ఏమీ అనలేదు. మళ్లీ అడిగారు. పక్కనున్న ఫుప్పూ 'హౌ బోలీ' అంది. అవునందట! నేను ఆపా కాళ్ల దగ్గరే ఉన్నాను. నాకేం వినపడలేదు. బయట అందరూ ముబారక్‌లు చెప్పుకున్నారు. కన్యపిల్ల సిగ్గుపడి మౌనంగా ఉంటే అదే అనుమతి అని హదీసు ఉంది, నిజమే. దాన్ని మన పెద్దలందరూ కంఠతా చెబుతారు. అదే హదీసు ఆమెను అడిగి తీరాలని కూడా చెబుతుంది. ఇష్టం లేని పెళ్లి చేశాడని తండ్రి మీద ఫిర్యాదు తెచ్చిన ఖన్సా అనే ఆవిడ నికాని ప్రవక్త రద్దు చేశారనీ హదీసుల్లోనే ఉంది. ఆ సగం కూడా మసీదులో అంత గట్టిగా వినిపిస్తే బాగుండు.

ఆపా కాపురం చెడిపోలేదు. బావ మంచివాడు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి మాటల్లో ఆ రోజు గురించి అడిగాను. 'అడిగారు, అడగలేదని ఎట్లంటా? వద్దంటే ఏమైతదో మాత్రం ఎవరూ చెప్పలే' అంది. అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. అయ్యవారి ముందు నిలబడ్డ అబ్బాకీ, ఫుప్పూ పక్కన కూర్చున్న ఆపాకీ తేడా ఏముంది? బడిలో మేం అవతలి గట్టున ఉన్నాం. ఇంట్లో కుర్చీలో కూర్చున్నది మేమే.

ఈ వ్యాసం రాయాలనిపించింది మా అమ్మాయి వల్ల. ఇంటర్‌లో చేర్చడానికి పోయాం. దరఖాస్తులో రెండో భాష దగ్గర సంస్కృతం అని టిక్కు పెట్టే ఉంది. మన ప్రైవేటు కాలేజీల్లో ఇది కొత్త కాదు. మార్కులు ఎక్కువొస్తాయని అందర్నీ అందులోనే వేస్తారు. ఉర్దూ అడిగాను. చెప్పేవాళ్లు లేరన్నారు. తెలుగు అడిగాను. 'ఒక్కమ్మాయి కోసం క్లాసు ఎట్ల పెడతాం సార్?' అన్నారు. నాకు బీపీ పెరిగింది. రెండు భాషల్లో కలం పట్టిన నా కూతురికి రెండూ లేవా అని గొంతు పెంచాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

'అబ్బూ, నన్నెవరైనా అడుగుతారా?' అంది.

అడిగాను. సంస్కృతమే తీసుకుంటానంది. మార్కుల కోసం కొంత, ఎట్లుంటదో చూద్దామని కొంత. 'ఉర్దూ దాదీ దగ్గర చదువుకుంటా. తెలుగు నీ దగ్గర. నేను చెప్పినా కదా, ఇంకేం?' అంది. ఏం చెప్పను? కాలేజీవాళ్లు పెట్టిన టిక్కుకీ నేను పెట్టాలనుకున్న టిక్కుకీ నడుమ ఆ పిల్ల నిలబడి ఉంది. ఇద్దరమూ ఆమెను అడగలేదు. నాది అస్తిత్వ పోరాటం అనుకున్నాను. ఆమె గడిని నేను ముందే నింపేసుకున్నాను. టిక్కు అక్కడే ఉంది, అదే టిక్కు. కానీ ఇప్పుడు అది ఆమెది.

2027 జనాభా లెక్కలకి 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఈసారి కాగితం బదులు ఫోన్లో నింపే లెక్కలు. కులం కూడా అడుగుతారు. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని లెక్కలవాళ్ల నిర్వచనం. చెప్పింది చెప్పినట్టే రాయాలన్నది నియమం. మంచి నియమం. అయితే మామూలుగా జవాబులన్నీ చెప్పేది ఇంటి పెద్ద. మా ఇంట్లో ఇప్పుడు అది నేను. నేను గుమ్మంలో నిలబడి అయిదుగురి తరఫునా గడగడా చెప్పేస్తే, వచ్చిన మనిషి గడగడా నొక్కేసుకుంటాడు. ఇద్దరికీ పని తొందరగా అవుతుంది. 1980ల్లో మార్కాపురం బడిలో అయినట్టే.

అలా చెప్పకూడదనుకున్నాను. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఒక్కొక్కరినీ పిలుస్తాను. ముందు అమ్మీని. ఆమెకి డెబ్బై దాటాయి. ఇంతవరకూ ఆమె భాష ఏదో, ఆమె ఎవరో ఆమెనే అడిగినవాళ్లు లేరు. మొదట అబ్బా చెప్పాడు, తర్వాత నేను చెప్పాను. ఏం చెబుతుందో నాకు తెలుసనే అనుకుంటున్నాను. అందుకే అడగాలి.